లాంగ్‌దాక్ పల్లెల్లో చిన్న రైతు చేసిన వైన్‌ను వెతికి పట్టుకోవడం ఎలా?

మన ఊళ్లలో ‘వైన్స్’ అని పెద్ద అక్షరాల బోర్డు ఉన్న దుకాణానికి వెళ్తే విస్కీ, బ్రాందీ, బీరు వరసలు వరసలుగా కనిపిస్తాయి. అసలు వైన్ మాత్రం ఏ పై అరలోనో దుమ్ము పట్టి రెండు సీసాలు ఉంటే ఉన్నట్టు. అందుకే మనలో చాలామందికి వైన్ అంటే పేరు తెలిసిన, రుచి తెలియని సరుకు. చదువుకో ఉద్యోగానికో ఫ్రాన్సు వెళ్లినవారు ఆ లోటు తీర్చుకుందామని బయలుదేరతారు, నేరుగా బోర్డోకో షాంపేన్‌కో వెళ్తారు. అక్కడ పేరుకు చెల్లించేదే ఎక్కువ. నన్ను అడిగితే దక్షిణాన మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న లాంగ్‌దాక్‌కు వెళ్లమంటాను. నీమ్ నగరం దగ్గర మొదలై స్పెయిన్ సరిహద్దు వైపు సాగే ఈ నేలలో ఎండకు కొదవ లేదు, ద్రాక్షతోటలకూ కొదవ లేదు. కొదవంతా పేరుకే. వెతికేవాడికి అదే లాభం.

పేరు ఎందుకు లేదో తెలిస్తే వెతకడం సులువు. పందొమ్మిదో శతాబ్దంలో రైలు వచ్చాక ఇక్కడి చవక ఎర్ర వైన్ ఉత్తరాది కార్మికుల దాహం తీర్చింది. ఎంత పండితే అంత అమ్ముడుపోతుందని మైదానాల నిండా తోటలు వేశారు. తర్వాత ధర పడిపోయింది. చక్కెర కలిపి చేసిన నకిలీ వైన్లు బజారును ముంచెత్తాయి. 1907లో ఆర్జెలియే అనే పల్లెలో కాఫీ దుకాణం నడిపే మార్సెలిన్ ఆల్బేర్ 87 మందితో నార్బోన్‌కు నడిచి వెళ్లాడు. మూడు నెలలు తిరగకుండానే, జూన్ 9న, మోంపెలియేలో ఐదు లక్షల మందికి పైగా రైతులు, కూలీలు కూడారు. ఆ అలజడి తర్వాత ఊరూరా సహకార సంఘాలు పెరిగాయి. రైతు పండించడం, సంఘానికి తోలడం, తూకం వేయించి డబ్బు తీసుకోవడం... మన చెరకు రైతు ఫ్యాక్టరీకి బండ్లు తోలినట్టే. మీరు వెతకబోయేది ఆ వరసలోంచి బయటికి వచ్చి, సొంత గానుగ పెట్టుకుని తన బెల్లం తానే వండుకునే రైతును. ఆ మనిషిని అక్కడ ‘విన్యెరాన్’ అంటారు.

1. ఒక్క చోటే ఎంచుకోండి

మొత్తం లాంగ్‌దాక్ చూసేద్దామనుకుంటే కారులో కూర్చోవడమే మిగులుతుంది. పారిస్ నుంచి మోంపెలియేకు వేగపు రైలులో మూడున్నర గంటల లోపే చేరుకోవచ్చు. అక్కడి సాన్ రోష్ స్టేషన్ బయట చిన్న తోటలో ఒక విగ్రహం ఉంటుంది, రెండు నిమిషాలు ఆగి చూడండి. జూల్ ఎమిల్ ప్లాంషోన్ ప్రతిమకు ఒక రైతు ద్రాక్షగుత్తి అందిస్తూ కనిపిస్తాడు. ఫ్రాన్సు ద్రాక్షతోటలను తినేసిన ఫిలోక్సెరా పురుగును 1868లో గుర్తించినవారిలో ఈయన ఒకరు. అమెరికా తీగ వేళ్ల మీద ఫ్రాన్సు తీగను అంటుకట్టడమే దానికి విరుగుడైంది. ఈ ప్రయాణంలో మీరు తాగబోయే ప్రతి చుక్కా ఇంచుమించు అంటు మొక్కల పంటే.

మొదటిసారి వెళ్లేవారికి నేను చెప్పేది ఫోజెర్. బెజియే పట్టణానికి ఉత్తరాన సుమారు 25 కిలోమీటర్లు. ఏడు పల్లెల పరిధి అంతే. 1982లో తన పేరునే సీసా మీద రాసుకునే చట్టబద్ధమైన గుర్తింపు దీనికి వచ్చింది. ఫోజెర్‌నే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. ఇక్కడ నేల అంతా ఒకటే, షిస్ట్ రాయి. కడప పలకల్లాగా పొరలు పొరలుగా విడిపోయే ముదురు రంగు రాయి. నేల ఒకటే, ఎండ ఒకటే, ద్రాక్ష రకాలూ అవే కాబట్టి రెండు ఇళ్ల వైన్లు రెండు రకాలుగా ఉన్నాయంటే ఆ తేడా చాలావరకు చేతిది. చేతిపని రుచిని గుర్తుపట్టడానికి ఇంతకన్నా మంచి బడి నాకు తెలియదు.

ఫోజెర్ చూసినవారు రెండోసారి పక్కనే ఉన్న సాన్ షీనియాన్‌కు వెళ్లాలి. అక్కడ ఉత్తరాన షిస్ట్, దక్షిణాన సున్నపురాయి, బంకమట్టి. అప్పుడు నేల తేడా నాలుక మీద తెలుస్తుంది. వరస మారిస్తే రెండూ కలిసిపోయి ఏదీ తెలియదు.

బసకు పెజెనాస్ బాగుంటుంది. పాత రాతి ఇళ్ల ఊరు, శనివారం పెద్ద సంత. కారు లేనివారు బెజియేలో దిగి, పల్లెలకు బస్సుల వేళలు ముందే చూసుకోవాలి. అవి రోజుకు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి.

2. కాలం చూసుకుని వెళ్లండి

మే, జూన్ మొదటి సగం, లేదంటే అక్టోబరు రెండో సగం. ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు అంతా కోతలు. మన వరికోతల రోజుల్లో చుట్టం వచ్చి ‘మీ పొలం చూపించండి’ అంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. నడివేసవి కూడా వద్దు. 2019 జూన్ 28న ఫోజెర్ ఉన్న ఎరో జిల్లాలోనే, వెరార్గ్ అనే ఊళ్లో 46 డిగ్రీలు నమోదైంది. అది ఫ్రాన్సులోనే రికార్డు. ఆ రోజు చుట్టుపక్కల తోటల్లో ఆకులు, పిందెలు నిప్పు తగిలినట్టు మాడిపోయాయి. రెంటచింతల ఎండ చూసినవారికి 46 కొత్త కాకపోవచ్చు, కానీ ఆ ఎండలో ఎర్ర వైన్ రుచి చూడాలని ఎవరికి ఉంటుంది?

3. తోటకు ముందు దుకాణానికి వెళ్లండి, సీసాను చదవండి

పట్టణంలో ‘కావిస్త్’ అని పిలిచే చిన్న వైన్ దుకాణదారు ఉంటారు. సూపర్ మార్కెట్‌కు కాకుండా ఈయన దగ్గరికి వెళ్లండి. పది నుంచి పదిహేను యూరోల లోపు, చుట్టుపక్కల చిన్న రైతులవి మూడు సీసాలు ఇవ్వమని అడగండి. బసకు తెచ్చుకుని రెండు మూడు సాయంత్రాలు కొంచెం కొంచెంగా రుచి చూడండి. ఏది నచ్చిందో ఆ ఇంటికే వెళ్లొచ్చు. గూగుల్‌లో నక్షత్రాలు లెక్కపెట్టడం కన్నా ఇది నమ్మకమైన దారి.

సీసా చాలా మాట్లాడుతుంది, వినడం తెలియాలి. ‘మీజ్ అన్ బుతెయ్ ఓ దొమేన్’ అని ఉంటే పండించిన ఇంట్లోనే సీసాలో నింపారని అర్థం. మూతి మీద రేకు తొడుగుపై ఫ్రాన్సు చిహ్నమైన మరియాన్ బొమ్మ ఉంటే దాని పక్కన ఒక అక్షరం కోసం వెతకండి. ఆర్ అయితే పండించినవారే చేశారు, ఎన్ అయితే వ్యాపారి కొని అమ్ముతున్నారు. సహకార సంఘాల సీసాల మీద కూడా ఆర్ ఉండొచ్చు కనుక ఈ ఒక్క గుర్తుతోనే తేల్చుకోవద్దు. పీపాను భుజాన మోస్తున్న మనిషి బొమ్మ కనిపిస్తే అది స్వతంత్ర విన్యెరాన్ల సంఘం గుర్తు. తాము పండించినదాన్ని తామే వైన్ చేసి అమ్ముకునేవారికే అది దక్కుతుంది.

ఇక మోసపోయే మాటలు. ‘వియెయ్ వీన్య్’ అంటే ముసలి తీగలు. ఎన్నేళ్లయితే ముసలితనమో చట్టంలో లేదు. నలభై ఏళ్ల తోటవారూ రాసుకుంటారు, నూరేళ్ల తోటవారూ రాసుకుంటారు. బంగారు పతకం స్టిక్కర్లను నేను అసలు చూడను. పోటీలు లెక్కకు మించి ఉన్నాయి. దీనికి విరుద్ధంగా, ‘వాన్ ద ఫ్రాన్స్’ అని మాత్రమే రాసి ఊరి పేరు కూడా లేకుండా ఉన్న సీసాను తక్కువగా చూడకండి. కాగితం లెక్కన అది అన్నిటికన్నా కింది మెట్టు. కానీ ఫలానా రకాలే వేయాలి, ఫలానా పాళ్లలోనే కలపాలి అనే నిబంధనలు నచ్చక గుర్తింపును వదులుకున్న మొండి రైతులు చాలామంది ఆ మెట్టు మీదే కూర్చున్నారు. ఈ ప్రాంతంలో నాకు గుర్తుండిపోయిన సీసాల్లో సగం అవే.

ఆకుపచ్చ నేల మీద నక్షత్రాలతో గీసిన ఆకు బొమ్మ సేంద్రియ సాగు గుర్తు. సేంద్రియం అంటే ఏమీ చల్లరని కాదు. గంధకం చల్లుతారు, బోర్డో మిశ్రమమూ చల్లుతారు. మన నిమ్మ, బత్తాయి రైతులకు బాగా తెలిసిన ఆ మైలుతుత్తం, సున్నం కలిపిన మందు పుట్టింది ఫ్రాన్సు ద్రాక్షతోటల్లోనే. ఇప్పుడు ఆ తుత్తంలోని రాగి మోతాదుకు పరిమితి పెట్టారు, ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోలు మించరాదు. లాంగ్‌దాక్‌లో ఈ సాగు కాస్త తేలిక, ఎందుకంటే వాయవ్యం నుంచి వీచే త్రామొంతాన్ అనే పొడి గాలి వాన వెలిసిన వెంటనే ఆకులను ఆరబెట్టేస్తుంది. బూజుకు వ్యవధి దొరకదు.

4. ఫోన్ చేయండి, ‘బోన్‌జూర్’ మరవకండి

పెద్ద సంస్థల్లో రుచి చూపించడానికి ప్రత్యేకంగా మనుషులు ఉంటారు. చిన్న రైతు ఇంట్లో దున్నేదీ, పీపాలు కడిగేదీ, మీకు గ్లాసు అందించేదీ ఒక్కరే. అందుకే రెండు మూడు రోజుల ముందు ఫోనో మెయిలో చేసి వేళ అడగండి. ఎంతమంది వస్తున్నారు, కొనే ఉద్దేశం ఉందా అనేది నిజాయితీగా చెప్పండి. పన్నెండు నుంచి రెండు వరకు భోజన సమయం, ఆ వేళకు గంట కొట్టకండి. నేనొకసారి దారి తప్పి పన్నెండుంపావుకు చేరాను. కిటికీలోంచి ఒక చేయి బయటికి వచ్చి రెండు వేళ్లు చూపించి లోపలికి వెళ్లిపోయింది. పగలు రెండింటి దాకా గోడ నీడన కూర్చున్నాను. తలుపు తీశాక ఆమె ఏమీ జరగనట్టు ఎంతో ఆప్యాయంగా పలకరించింది.

లోపలికి అడుగు పెట్టగానే మొదటి మాట ‘బోన్‌జూర్’ కావాలి. అది అనకుండా ఇంగ్లీషులో ప్రశ్న మొదలుపెడితే, మన ఇంటికి వచ్చి నమస్కారం కూడా లేకుండా ‘ఇల్లు ఎంత?’ అని అడిగినట్టు. రోజుకు రెండిళ్లు, మహా అయితే మూడు. నాలుగో ఇంట్లో నాలుక పనిచేయదు.

5. గ్లాసు కన్నా ముందు తోట చూడండి

‘తోట చూడొచ్చా?’ అని అడగండి. చేతిపని వైన్‌కు ఇదే అసలు పరీక్ష. తోట చూపించడానికి ఉత్సాహపడే మనిషి సగం నెగ్గినట్టే.

మన దగ్గర హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహి ద్రాక్షను పందిళ్లు వేసి పెంచేవారు. తల మీద గుత్తులు వేలాడేవి. ఇక్కడ పాత తోటల్లో పందిరి లేదు, తీగలు పాకడానికి వరస కట్టిన కమ్మీ లేదు. మోకాలెత్తు మొద్దు, దాని నుంచి చుట్టూ గిన్నెలా లేచిన నాలుగైదు కొమ్మలు. గాలికి విరగకుండా, తన నీడ తన గుత్తులకే పడేలా పూర్వులు కనిపెట్టిన పద్ధతి. ఈ మొద్దుల మధ్య కోత యంత్రం నడవదు, చేత్తోనే కోయాలి. కాబట్టి అలాంటి మొద్దులు కనిపిస్తే అక్కడ కూలీ ఖర్చు ఎక్కువ, పంట తక్కువ అని లెక్క వేసుకోవచ్చు. షిస్ట్ కొండ మీద కారిన్యాన్ అనే ఎర్ర ద్రాక్ష రకం ముసలి తోట హెక్టారుకు 20, 25 హెక్టోలీటర్లు మాత్రమే ఇవ్వడం మామూలు. హెక్టోలీటరు అంటే వంద లీటర్లు, 20 అనుకుంటే ఎకరానికి వెయ్యి సీసాలకు కాస్త పైన. మైదానంలో కమ్మీల మీద పాకే తోట దీనికి మూడు నాలుగు రెట్లు కాస్తుంది. సీసా ధరలో తేడాకు కారణం అక్కడే, నేల మీదే ఉంది.

కారిన్యాన్ గురించి ఒక మాట. చవక వైన్ రోజుల్లో ఎక్కువ కాపు కోసం నాటిన రకం ఇది. తర్వాత దీన్ని నామోషీగా చూశారు. పీకేసినవారికి ప్రభుత్వాలు డబ్బులిచ్చాయి, ఎకరాలకు ఎకరాలు పోయాయి. మిగిలిన ముసలి తీగలు కాపు తగ్గి, రసం చిక్కబడి, ఇప్పుడు రైతులకు గర్వకారణమయ్యాయి. మీరు కలిసే ప్రతి ఇంట్లో ‘మీ కారిన్యాన్ ఎప్పుడు నాటింది?’ అని అడగండి. తాత పేరుతో మొదలై జవాబు అరగంట సాగుతుంది. గ్రెనాష్, సిరా, మూర్వెద్ర్, సాన్సో రకాలు కూడా పక్కనే ఉంటాయి, కానీ కథ ఉన్నది కారిన్యాన్‌కే.

తోట గట్టు మీద నిలబడి గాలి పీల్చండి. రాతి నేలలో పెరిగే పొదల గుంపును ‘గారిగ్’ అంటారు. థైమ్, రోజ్‌మేరీ లాంటి ఘాటైన ఆకులవి. తర్వాత గ్లాసులో అదే వాసన తగిలితే ఊహ అనుకోకండి.

6. రుచి చూడటం

తెల్లది, గులాబి, ఎర్రది, చివర తీపిది. ఈ వరస ఇంటివారే చూసుకుంటారు. మీరు చేయాల్సిందల్లా తక్కువ పుచ్చుకోవడం, ఉమ్మేయడం. పక్కన పెట్టిన బకెట్ అందుకే. మనకు ఎదుటివారి ముందు ఉమ్మడం అమర్యాద. అక్కడ ఉమ్మకపోతేనే వింతగా చూస్తారు. కారు నడిపేవారు తప్పకుండా ఉమ్మేయాలి. ఫ్రాన్సులో రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల మద్యం దాటితే నేరం, కొత్తగా లైసెన్సు వచ్చినవారికి 0.2.

రుచిని పోల్చడానికి ఇంగ్లీషు పుస్తకాల్లోని బ్లాక్‌బెర్రీలు, వయొలెట్లు మనకెందుకు? చిన్నప్పుడు తినని పండు పేరు వల్లిస్తే నాలుకకు ఏం గుర్తొస్తుంది? మన దగ్గర అంతకన్నా మంచి మాటలున్నాయి. ఎర్ర వైన్ నాలుకను, చిగుళ్లను పట్టేస్తే అది వగరు. నేరేడు పండు తిన్నాక ఉండే వగరు, పచ్చి అరటికాయ వగరు, ఉసిరి వగరు ఒకటి కావని మనకు తెలుసు కదా. ఆ తేడాలే వైన్‌లోనూ వెతకండి. పులుపులో కూడా చింతకాయ పులుపు వేరు, నిమ్మ పులుపు వేరు. ‘ఈ వగరు తొక్కదా, పీపా కర్రదా?’ అని అడిగి చూడండి, విన్యెరాన్ మిమ్మల్ని చూసే చూపే మారిపోతుంది.

తర్వాత అడగాల్సినవి మూడే. ఏ ఈస్టుతో పులియబెట్టారు? గంధకం ఎంత కలిపారు? తేర్చడానికి ఏం వాడారు?

మొదటిదానికి ‘తొక్క మీద ఉన్నదే’ అంటే గాలిలో, తోటలో ఉండే ఈస్టు అని అర్థం. తాటి చెట్టు నుంచి దించిన కల్లు ఎవరూ ఏమీ కలపకుండా మధ్యాహ్నానికి పొంగుతుంది కదా, అదే సూత్రం. వైన్ చెడకుండా కలిపే గంధకం లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే సీసా మీద రాయాలి, కాబట్టి ఇంచుమించు అన్నిటి మీదా రాసి ఉంటుంది, భయపడాల్సిన పని లేదు. 2020 నుంచి ఫ్రాన్సులో ‘వాన్ మెతోద్ నాతూర్’ అనే గుర్తు వచ్చింది. సేంద్రియ పంట, చేతి కోత, సహజమైన ఈస్టు, గంధకం కలపకపోవడం లేదా 30 మిల్లీగ్రాముల లోపు ఉంచడం దాని షరతులు. ఇలాంటి వైన్లలో కొన్ని అద్భుతంగా ఉంటాయి. కొన్ని సాయంత్రం కల్లులాగే పులిసిపోయి ఉంటాయి, ‘సహజం’ అనే ముద్ర చూసి ఆ పులుపును మెచ్చుకోవాల్సిన అవసరం లేదు. మూడో ప్రశ్న శాకాహారులకు ముఖ్యం. వైన్‌ను తేర్చడానికి కోడిగుడ్డు తెల్లసొన, పాల కేసిన్, చేప నుంచి తీసిన జిగురు వాడే పద్ధతులున్నాయి. చిన్న రైతులు చాలామంది తేర్చకుండా, వడకట్టకుండానే నింపుతారు. అడుగున మడ్డి ఉంటే అది లోపం కాదు.

నచ్చకపోతే ఏం చేయాలి? ‘బాగుంది’ అని అబద్ధం చెప్పక్కర్లేదు. ‘ఇది నాకు కాస్త వగరెక్కువ, రెండోది నచ్చింది’ అంటే చాలు. రుచి చూపించినందుకు చాలాచోట్ల డబ్బు అడగరు. అడగరు కాబట్టే ఒకటి రెండు సీసాలు కొనడం మర్యాద.

7. రెండు పక్కదారులు

సహకార సంఘాలను తీసిపారేయకండి. బెజియే పక్కనే మరోసాన్‌లో 1901లో మొదలైన సంఘం ఫ్రాన్సులోనే తొలి వైన్ సహకార సంఘాల్లో ఒకటి. కొన్ని సంఘాల్లో ఇప్పటికీ ఊరివాళ్లు ప్లాస్టిక్ డబ్బా తెచ్చుకుని, పెట్రోలు బంకులో లాంటి గొట్టంతో లీటరు లెక్కన వైన్ పట్టించుకుంటారు. ఆ దృశ్యం కోసమైనా వెళ్లాలి.

రెండోది బాన్యుల్స్. ఒక రోజు ఎక్కువ ఉంటే పెర్పిన్యాన్ దాటి, స్పెయిన్ సరిహద్దుకు ముందు సముద్రంలోకి దిగే కొండల దగ్గరికి వెళ్లండి. నిట్టనిలువు కొండల మీద రాతి గోడలు కట్టి మెట్లు మెట్లుగా తోటలు. ఇక్కడి వైన్ తీపిది. పులియడం మధ్యలో ద్రాక్ష స్పిరిట్ పోసి ఆపేస్తారు, పండులోని తీపి కొంత అలాగే నిలుస్తుంది. పదమూడో శతాబ్దపు వైద్యుడు ఆర్నో ద విల్నవ్‌కు ఈ పద్ధతి కనిపెట్టిన ఖ్యాతి ఉంది. తర్వాత చేసే పని మరీ విచిత్రం. పెద్ద గాజు బుడ్లలో పోసి ఏడాది, అంతకన్నా ఎక్కువ కాలం ఆరుబయట ఎండలో పెట్టేస్తారు. వైన్‌ను చీకట్లో చల్లగా దాచాలని చదివినవారికి ఇది నమ్మబుద్ధి కాదు. మాగాయ ముక్కలనూ ఊటనూ డాబా మీద ఎండబెట్టే ఇళ్లలో పుట్టినవారికి మాత్రం వెంటనే అర్థమవుతుంది. ఎండుఖర్జూరం, కాఫీ, అక్రోటు, కొంచెం కాలిన బెల్లం. చాక్లెట్‌తో తాగమంటారు. నాకు వేయించిన జీడిపప్పుతో ఇంకా బాగా కుదిరింది.

8. కొనడం, ఇంటికి తేవడం

భారత్‌కు వచ్చే ప్రయాణికుడికి సుంకం లేకుండా తెచ్చుకోనిచ్చే మద్యం రెండు లీటర్లు. మామూలు సీసా 750 మిల్లీలీటర్లు. మూడు తెస్తే పావు లీటరు దాటిపోతుంది. తీపి వైన్లు అరలీటరు సీసాల్లోనూ దొరుకుతాయి కనుక రెండు ఎర్ర సీసాలు, ఒక అరలీటరు బాన్యుల్స్ లేదా మస్కట్ ద్రాక్షతో చేసిన తీపి వైన్ తీసుకుంటే సరిగ్గా రెండు లీటర్లు. ఇద్దరు వస్తుంటే ఇద్దరి లెక్క వేరు వేరు. సీసాలు చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి, ఒక్కోదాన్ని మందపాటి ప్యాంటు కాలులో దూర్చి, పెట్టె మధ్యలో, చుట్టూ బట్టలతో. రైతుల దగ్గర అట్ట గొట్టాలు ఉంటే అడిగి తీసుకోండి.

ఇంటికి చేరిన రోజే తెరవకండి, ప్రయాణంలో కుదిలిన వైన్‌ను ఒకటి రెండు వారాలు కదపకుండా ఉంచండి. వంటింటి అటక మీద మాత్రం వద్దు. హైదరాబాద్, విజయవాడ వేసవిలో అక్కడ పెట్టిన సీసా నెలలోనే చెడుతుంది. ఫ్రిజ్‌లో కింది అర పర్వాలేదు. ఎర్ర వైన్‌ను ‘గది వేడి’లో తాగాలని రాసే పుస్తకాలు చలిదేశపు గదులను మనసులో పెట్టుకుని రాసినవి. అవి చెప్పే వేడి 16 నుంచి 18 డిగ్రీలు. మన గదిలో మే నెల సాయంత్రం ఎంత ఉంటుందో తెలుసు కదా. సీసాను ముప్పావు గంట ఫ్రిజ్‌లో పెట్టి, తీసి, వంకాయ కూర వడ్డించే లోపు మూత తీయండి.